ఆవిడ పలికిన పేరు

పోయిన వారం గువ్వను వంటగది కిటికీ దగ్గర వదిలేశాం. కింద వీధిలో ఆమె మేనమామ సంచీ భుజాన వేసుకుని, ఇంటి నంబర్లు చూసుకుంటూ వస్తున్నాడు. ఓడలో ఎలక్ట్రీషియన్ ఆయన. ఓడ ఈ రేవులో ఒక పూట ఆగుతుందని, మేనకోడల్ని చూసి పోతానని కబురు చేశాడు. పరాయి దేశంలో చదువుకుంటున్న పిల్లకి సొంత మనిషి కనిపిస్తే ఎంత సంబరం ఉండాలి! గువ్వకి మాత్రం భయం పట్టుకుంది. ఆ వీధిలో తెలుగు తెలిసిన మనిషి ఇన్నాళ్లూ తను ఒక్కతే. ఇప్పుడు రెండో మనిషి మెట్లెక్కుతున్నాడు.

ఆ భయానికి కారణం ఒక చిన్న మాట.

గువ్వ ఫిజియోథెరపీ చదవడానికి వచ్చింది. పరాయి దేశపు విద్యార్థుల్ని కాలేజీ వాళ్లు ఊళ్లోని కుటుంబాలకు అప్పగిస్తారు. అలా ఈ ఇల్లు దొరికింది. ఇంటావిడకి కింది అంతస్తులోనే షాపు. పాత కుర్చీలకీ సోఫాలకీ కొత్త గుడ్డ తొడుగుతుంది. ఇంటాయన సిటీబస్సు నడుపుతాడు. పిల్లలు లేరు. వచ్చిన కొత్తలో ఇంటావిడ గువ్వను ఒక్క నిమిషం వదిలేది కాదు. ఏం తిన్నావు, ఎక్కడికి, ఎవరితో, తల తడిగా ఉందేం, ఆ పల్చటి చొక్కాతోనా బయటికి, అని గది గుమ్మంలో నిలబడి అడుగుతూనే ఉండేది. ఒకరోజు అమ్మతో ఫోనులో మాట్లాడుతూ గువ్వ, "ఇదిగో, వచ్చిందమ్మా జలగ" అంది. అమ్మ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు కోసమే మర్నాడు కూడా అంది.

ఇంటావిడ చెవి చురుకు. తను గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా ఆ మాట వినిపిస్తోందని పసిగట్టింది. గువ్వ అంటే చిన్న పిట్ట అని అప్పటికే అడిగి తెలుసుకుంది కాబట్టి, వీళ్ల భాషలో పెట్టుడు పేర్లన్నీ ఇలా ముద్దుగానే ఉంటాయని నమ్మకం. "జలగ అంటే నేనే కదూ? ఏమిటి దాని అర్థం?" అని ఒకనాడు ముఖమంతా వెలుగు చేసుకుని అడిగింది. గువ్వ నీళ్లు నమిలింది. "కన్నతల్లి కాకపోయినా తల్లిలా చూసుకునే ఆవిణ్ణి మేం అలా పిలుస్తాం" అనేసింది.

ఇంటావిడ ఆ పూట ఇంకేమీ అడగలేదు. చేతిలో ఉన్న గుడ్డ మడత విప్పి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పింది. ఆనాటినుంచీ ఆమె పేరు జలగ. భర్తకి చెప్పింది. షాపుకి వచ్చేవాళ్లకి చెప్పింది. పక్కింటివాళ్లకి పలకడం నేర్పింది.

గంట మోగింది.

గువ్వ కిటికీ దగ్గర్నుంచి కదిలేలోపే ఇంటావిడ తలుపు దగ్గరికి చేరింది. పని గౌను తీసేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని ఉంది. తలుపు తీసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, గొంతు సవరించుకుని, పొద్దుటినుంచీ స్నానాల గదిలో సాధన చేసిన తెలుగు ముక్క బయటికి తీసింది.

"నమస్కారం. నేను గువ్వ జలగ."

మేనమామ ముఖంలో ఒక క్షణం ఏ భావమూ లేదు. "ఏంటీ?" అన్నాడు.

సరిగ్గా పలకలేదేమో అనుకుంది ఇంటావిడ. ఈసారి ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పింది. "జ-ల-గ. నేను. గువ్వ జలగ."

అంతే. మేనమామ నవ్వాడు. ఒళ్లంతా ఊపుకుంటూ నవ్వే మనిషి ఆయన. సంచీ భుజం మీంచి జారిపోయింది. గోడ పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వాడు. ఆయనకి తన తెలుగు అంత ఆనందం కలిగించిందని ఇంటావిడ కూడా నవ్వింది. ఇంకోసారి అంటే ఇంకా సంతోషిస్తాడని ఇంకోసారి అంది. ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నవ్వుతున్నారు.

వెనక గోడకి అతుక్కుపోయి నిలబడ్డ గువ్వ మీద మేనమామ చూపు పడింది. నవ్వు గొంతులో ఆగి దగ్గుగా మారింది. ఎన్నో ఏళ్లుగా ఈ రేవుకి వస్తూ పోతూ ఉన్నవాడు, ఇక్కడి భాష బాగానే పట్టుకున్నాడు. "సంతోషం అమ్మా, చాలా సంతోషం" అని ఆ భాషలోనే అని, వంగి సంచీ అందుకున్నాడు. తల ఎత్తడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ సేపు పట్టింది.

భోజనాల బల్ల దగ్గర గువ్వ తల వంచుకుని కూర్చుంది. మేనమామకి కారం ఉండాలేమోనని ఇంటావిడ పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి వేరే గిన్నెలో పెట్టింది. వాటి ఘాటుకి ఆవిడ వేళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఇంటాయన ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. ఆవిడ ఆగకుండా మాట్లాడుతూనే ఉంది.

"మీకు ఓడలో జలగ ఎవరైనా ఉన్నారా? అంతంత దూరాలు తిరిగే మనిషికి ఒక జలగ తప్పకుండా ఉండాలి."

"ఉన్నారమ్మా, ఒకరిద్దరు" అన్నాడు మేనమామ పళ్లెంలోకి చూస్తూ.

"దీనికి జ్వరం వచ్చింది ఆమధ్య. చెప్పిందా మీకు? చెప్పి ఉండదు. నేను షాపు మూసేసి, కుట్టుపని దీని గదిలోకే తెచ్చుకున్నాను. మా ఆయన అంటాడూ, వదిలెయ్ పిల్లని, కాసేపు నిద్రపోనీ అని. నేను వదల్లేదు. ఎలా వదులుతాను? జలగను కదా!"

మేనమామకి పొలమారింది. ఇంటావిడ లేచి నీళ్లు ఇచ్చింది, తల మీద తట్టబోయి, మర్యాద కాదేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది.

తిన్నాక గువ్వ గది చూపించింది. చదువుకునే కుర్చీ ఆవిడ చేసిందే. గువ్వ నడుము నొప్పి అందని, చెక్క కుర్చీ విప్పి, వెనక దిండు ఎత్తుగా కట్టి, ఆ పిల్ల వీపు కొలతకి సరిపోయేలా తొడిగింది. "కూర్చోండి, కూర్చుని చూడండి" అంటే మేనమామ కూర్చున్నాడు. వెంటనే లేచాడు. "కాస్త గాలికి నడిచి వస్తాం అమ్మా" అన్నాడు.

"వెళ్లి రండి. నేను కింద షాపులో ఉంటాను. ఒక కుర్చీ సగంలో ఉంది" అందావిడ.

వీధి మలుపులో బట్టలు ఉతికే దుకాణం ఉంది. దాని ముందు బెంచీ. వెనక అద్దాల లోపల ఎవరివో దుప్పట్లు మిషన్లలో గిరగిరా తిరుగుతున్నాయి. మేనమామ కూర్చున్నాడు. గువ్వ నిలబడే ఉంది.

"ఎవరే పెట్టింది ఆ పేరు?"

"నేనే."

"ఏం అర్థం చెప్పావు ఆవిడకి?"

గువ్వ చెప్పింది. చెప్తున్నప్పుడు తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. మేనమామ వెనక్కి తిరిగి మిషన్లలో తిరిగే దుప్పట్లకేసి చూశాడు. తిట్టినా బాగుండేది.

"మీ అమ్మకి తెలుసా?"

గువ్వ బెంచీ అంచుని గోటితో గీకింది.

"నిన్నే అడుగుతున్నది."

"అమ్మ ఫోను చెయ్యగానే అడిగేదే అది మామయ్యా. జలగ ఏం చేస్తోందే, అని."

మేనమామ ముఖం మాడిపోయింది. ఇంతవరకు ఆయన సిగ్గు మేనకోడలి గురించి. ఇప్పుడు అక్క కూడా వచ్చి చేరింది. పక్కన ఎవరూ లేకపోయినా ఒకసారి అటూ ఇటూ చూశాడు.

"ఎప్పుడూ చెప్దామనిపించలేదా?"

"చాలాసార్లు అనుకున్నాను. ఆవిడ ముఖం చూస్తే నోరు రాలేదు."

"ఆవిడ ముఖం చూసి కాదులే. నీ ముఖం ఆవిడకి ఇంక ఎలా కనిపిస్తుందో అని."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. నిజం కాబట్టి తుడిచేసుకోవడానికి కూడా లేకపోయింది.

"ఓడలో చేరిన కొత్తలో నన్నూ ఒక పేరుతో పిలిచేవాళ్లు," అన్నాడు మేనమామ. ఇప్పుడు గొంతులో కోపం లేదు. "వాళ్ల భాషలో. తమ్ముడు అని అర్థం అన్నారు. నేను నమ్మేశాను. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మీ అత్తకి చెప్పి మురిసిపోయాను కూడా, ఓడంతా నన్ను తమ్ముడూ అని పిలుస్తుందే అని. తర్వాత ఎప్పుడో, ఏదో రేవులో, వేరే ఓడవాడు విని అసలు అర్థం చెప్పాడు. ఏంటని అడక్కు, నీకు చెప్పే మాట కాదు. తిట్టినందుకు కాదే బాధ. తిట్లు మాకేం కొత్తా? వాళ్లు అలా పిలిచినప్పుడల్లా నేను, వస్తున్నా వస్తున్నా అంటూ పరిగెత్తేవాణ్ణి చూడు. పలికేవాణ్ణి. అది ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది."

గువ్వ కళ్లముందు గుమ్మంలో గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఇంటావిడ కనిపించింది. భూమి చీలితే అందులోకి దూరిపోదును అనిపించింది.

"నన్ను చెప్పమంటావా?" అన్నాడు మేనమామ.

"వద్దు. నేనే చెప్తాను."

"ఇప్పుడే?"

"ఇప్పుడే."

"సరే. నేను పైకి వెళ్తాను. అక్కయ్యతో నాకూ మాట్లాడే పని ఉంది" అంటూ జేబులోంచి ఫోను తీసుకుంటూ లేచాడు.

షాపు తలుపు తెరిచే ఉంది. లోపల జిగురు వాసన, కొత్త గుడ్డ వాసన. ఇంటావిడ మళ్లీ పని గౌను తొడుక్కుని, పెద్ద చేతుల కుర్చీ ఒకదాన్ని బల్ల మీద బోర్లించి, దాని అడుగున గుడ్డ లాగుతోంది. చిన్న మేకులు పెదవుల మధ్య పట్టుకుని ఉంది. గువ్వను చూసి కళ్లతోనే రమ్మంది. ఇది వాళ్లకి అలవాటే. గువ్వ వచ్చి గుడ్డ మూల పట్టుకుని బిగించింది. ఆవిడ ఒక్కో మేకూ తీసి కొడుతోంది.

"మీతో ఒకటి చెప్పాలి" అంది గువ్వ.

"చెప్పు. మూల వదలకు, ముడతలు పడుతుంది."

"జలగ అంటే నేను చెప్పిన అర్థం కాదు."

సుత్తి దెబ్బ పడింది. మేకు నిటారుగా దిగింది.

"మరి?"

"అదొక పురుగు."

"ఎలాంటి పురుగు?"

ఇక్కడి భాషలో దాన్ని ఏమంటారో గువ్వకి తెలియదు. ఆ మాట ఆమెకి ఎప్పుడూ అవసరం పడలేదు. ఇప్పుడు ఆ ప్రాణిని ముక్కముక్కగా వర్ణించవలసి వచ్చింది. "నీళ్లలో ఉంటుంది. నల్లగా, మెత్తగా, జారుగా... మనిషిని పట్టుకుంటే..."

"పట్టుకుంటే?"

"వదలదు. రక్తం తాగుతుంది."

ఇంటావిడ పెదవుల మధ్య ఉన్న మేకులన్నీ అరచేతిలోకి తీసుకుంది. తన భాషలో ఆ పురుగు పేరు చెప్పింది. ఆ భాషలో కూడా అది వినసొంపుగా లేదు.

"అదా?" అంది.

"అదే అనుకుంటాను."

"ఎప్పుడు పెట్టావు?"

"వచ్చిన కొత్తలో."

"కొత్తలో. అవును, కొత్తలో నేను నిన్ను విసిగించాను. తెలుసు నాకు." అక్కడ ఆగి, గువ్వ వైపు చూడకుండానే అడిగింది. "తర్వాత మానేశావు కదూ?"

ఆ ప్రశ్న చెయ్యి చాపినట్టుగా వచ్చింది. అవునంటే చాలు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని గువ్వను ఒడ్డుకి లాగేస్తుంది, తనూ ఒడ్డున పడుతుంది. గువ్వ నోటిదాకా వచ్చింది ఆ అవును.

"మొన్న కూడా అన్నాను" అంది.

ఇంటావిడ తల ఊపింది. "జ్వరం వచ్చినప్పుడు?"

గువ్వ గుడ్డ మూలని ఇంకా గట్టిగా పట్టుకుంది. "అప్పుడు కూడా. మీరు మంచం పక్కనే కుడుతూ ఉన్నారు. అమ్మ ఫోను చేస్తే, జలగ ఇక్కణ్ణుంచి కదలట్లేదు, అన్నాను."

"గుర్తుంది," అంది ఇంటావిడ నెమ్మదిగా. "అలా అని నా వైపు చూసి నవ్వావు. జ్వరం తగ్గుతోంది, పిల్ల నవ్వుతోంది అనుకున్నాను. నేనూ నవ్వాను."

"అవును."

"మీ మామయ్య అందుకేనా అంతలా నవ్వారు?"

"అందుకే."

"అప్పుడూ నేను నవ్వాను."

మళ్లీ ఒక మేకు పెట్టి సుత్తి ఎత్తింది. అది వంకరగా దిగింది. పటకారుతో లాగేసి ఇంకొకటి పెట్టింది. అదీ వంకర పోయింది. ఎన్నో ఏళ్లుగా కళ్లు మూసుకుని చేసే పని. సుత్తి బల్ల మీద పెట్టేసింది.

గువ్వకి ఏడుపు ముంచుకొచ్చింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడుకి ఇంటావిడ తలెత్తింది.

"ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను ఊరుకోబెట్టాలి. ఇప్పుడు నాకు అంత ఓపిక లేదు."

గువ్వ ఏడుపు మింగేసింది. ఏడవడానికి కూడా తనకి హక్కు లేని చోట నిలబడటం ఎలా ఉంటుందో ఆ క్షణాన తెలిసింది. మూల పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆవిడ చెప్పేదాకా వదలకూడదనుకుంది.

"ఇంక అబద్ధం చెప్పను" అంది. "మీకే కాదు, ఈ ఇంట్లో ఎవరికీ. నన్ను ఉండనిచ్చినా సరే, పొమ్మన్నా సరే."

"పొమ్మనే సంగతి తర్వాత చూద్దాం," అంది ఇంటావిడ. అరచేతిలోని మేకుల్ని వేలితో అటూ ఇటూ కదుపుతోంది. "ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. మా ఆయనకి చెప్పకు."

గువ్వ అర్థంకానట్టు చూసింది.

"పెళ్లయిన కొత్తలో నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. కొన్నాళ్లకి, ఇదిగో, అన్నాడు. తర్వాత అదీ పోయింది. గదిలోకి వచ్చి ఏదో అనేవాడు. అది నాతోనే అని నేను తెలుసుకోవాలి. పోట్లాటలు ఏం లేవు, మంచివాడే. పిలవడం మానేశాడు, అంతే. నువ్వు ఈ పేరు చెప్పాక ఆయనకి భలే నచ్చింది. బస్సు దిగి వస్తూ వస్తూ వీధిలోంచే పిలుస్తున్నాడు. నలుగురూ వింటున్నా సరే. నేను విన్నానులే అర్థం ఏంటో. ఆయన వినక్కర్లేదు."

"మరి ఆయన పిలిస్తే...?"

"పలుకుతాను."

గువ్వ గుడ్డ మూల మీదికి తల వాల్చేసింది. బెంచీ మీద మేనమామ చెప్పిన ఆ మాటే ఇది. ఆయన తెలియక పలికాడు. ఈవిడ తెలిసి పలుకుతానంటోంది. గువ్వ ఒక పూటలో ఆవిడ దగ్గర్నుంచి లాక్కున్నది ఏమిటో ఆవిడే నెమ్మదిగా విడమరిచి చెప్పింది, చిరాకు కూడా పడకుండా.

"ఇంక వదిలెయ్, చెయ్యి నొప్పెడుతుంది" అంది ఇంటావిడ. గువ్వ వదిలింది. గుడ్డ సర్రున వెనక్కి జారి ముడతలు పడిపోయింది.

"జలగా!"

పైకి వెళ్లే మెట్ల మీంచి వచ్చింది పిలుపు. డ్యూటీ అయిపోయి ఇంటాయన ఎప్పుడు వచ్చాడో, వెనక తలుపు నుంచి నేరుగా పైకి వెళ్లినట్టున్నాడు. ఇప్పుడు దడదడా దిగుతున్నాడు. "జలగా! ఎక్కడున్నావు?"

ఇంటావిడ కళ్లు ఒకసారి మూసి తెరిచింది. "ఇక్కడే ఉన్నాను" అని పలికింది.

ఇంటాయన ఇంకా బస్సు యూనిఫాంలోనే ఉన్నాడు. ముఖం నిండా నవ్వు. చాపిన చేతిలో మేనమామ ఫోను. "చూడు, ఎవరున్నారో చూడు! వాళ్ల మామయ్య ఫోనులో మాట్లాడుతున్నారు, నేను లోపలికి వెళ్లేసరికి. గువ్వ వాళ్లమ్మ! వాళ్ల మాటల్లో నాకు ఒక్క ముక్క తెలియలేదు, ఒక్కటి తప్ప. జలగ, జలగ, జలగ. ఎన్నిసార్లు అన్నారో! నీ గురించే కదా అంతసేపూ. అందుకే లాక్కొచ్చేశాను."

ఆయన వెనకాల మెట్ల మలుపులో మేనమామ రొప్పుతూ ఆగిపోయాడు. చెయ్యి ఇంకా ఫోను కోసం చాచే ఉంది. గువ్వ చూపు కలిసేసరికి ఆ చెయ్యి దించేశాడు.

ఇంటావిడ అరచేతిలోని మేకులు గిన్నెలో వేసి, గౌనుకి చేతులు తుడుచుకుని, ఫోను అందుకుంది. తెర మీద గువ్వ అమ్మ. నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. కనిపించిన ముఖం ఎవరిదో గ్రహించడానికి ఆమెకి ఒక క్షణం పట్టింది. కొంగు తీసేసి రెండు చేతులూ జోడించింది.

"అమ్మా, మీరేనా... మీ కాళ్లు పట్టుకుంటాను, తల్లీ. పిల్ల ఒక్కసారి నోరు జారితే నేను నవ్వాను. నేను నవ్వబట్టే ఆ మాట దాని నోట్లో నిలిచిపోయింది. జ్వరంలో దాన్ని కళ్లల్లో పెట్టుకుని చూసుకున్న మనిషిని పట్టుకుని జలగ అని... రోజూ అని... నా నోరు పడిపోనూ." ఏడుపులో గొంతు పూడుకుపోయింది. "గువ్వా, అక్కడే ఉన్నావా? చెప్పవే ఆవిడకి. నేనన్నది ఒక్క ముక్క మింగకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఇంటాయన ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. తెర మీద ఏడుస్తున్న మనిషిని చూశాడు, భార్యను చూశాడు. మళ్లీ ఆ ఒక్క మాట విన్నాడు, ఈసారి ఏడుపు మధ్యలో. కనుబొమలు ముడిపడ్డాయి. తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకుని, గువ్వ వైపు తిరిగాడు.

"ఎందుకు ఏడుస్తున్నారు? జలగ అని ఏదో అంటున్నారు. ఏమంటున్నారమ్మా?"

ఇంటావిడ గువ్వను చూసింది. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. చూస్తూ నిలబడింది.

మేనమామ ఆఖరి మెట్టు మీద ఉన్నాడు. ఫోనులో అమ్మ ఎదురుచూస్తోంది.

గువ్వ నోరు తెరిచింది.